నీ కండక్టరమ్మకి వకాల్తా పుచ్చుకోకు

అమ్మాయీ,

నీ కథ మొన్న మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మొదటిసారి చదువుతున్నప్పుడు మూడో పేజీలో ఒకచోట పైకే నవ్వేశాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఏమిటట?" అని అడిగింది కూడా. మిగతా పదకొండు పేజీలు చదువుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నన్నేమీ అడగలేదు. ఈ ఉత్తరమంతా ఆ మూడో పేజీ గురించే అనుకో.

"సార్, నా హీరోయిన్ పాఠకులకి నచ్చాలంటే ఇంకా ఏం చెయ్యాలి?" అని అడిగావు. చెయ్యాల్సింది పెద్దగా లేదమ్మా. తీసెయ్యాల్సిందే బోలెడుంది.

నీ ఆర్టీసీ కండక్టరమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. అత్తగారికి మందులిస్తుంది. బస్సులో దొరికిన పర్సు తిరిగిచ్చేస్తుంది. తాగొచ్చినవాణ్ని మందలిస్తుంది, ముసలమ్మకి సీటిప్పిస్తుంది, డిపోలో మాట పడి కూడా చిరునవ్వు నవ్వుతుంది. ఇదంతా ఒక్కరోజులో! చదువుతుంటే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. గౌరవం ఉన్నవాళ్ల ఇంటికి మనం ఏడాదికోసారి వెళ్తాం. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాం. ఇష్టమైనవాళ్ల ఇంటికైతే పెరటి గుమ్మంలోంచి దూరిపోతాం.

మూడో పేజీలో నువ్వు ఆ పెరటి గుమ్మం తెరిచావు. ఎవరో చినిగిపోయి టేపు అంటించిన పదినోటు ఆమెకి అంటగట్టి దిగిపోయారు. ఆమె దాన్ని మంచినోట్ల మధ్యలో దోపి, తర్వాతి స్టేజీలో ఎక్కినవాళ్ల మొహాలు చూస్తుంది. కళ్లజోడు పెద్దమనిషికి వద్దు, తిప్పి చూస్తాడు. చంటిపిల్లాణ్ని ఎత్తుకున్న నాన్నకి వద్దు, పాపం. ఫోన్లో తల దూర్చిన కుర్రాడైతే? అదిగో, అక్కడ నవ్వాను. ఆ మూడు వాక్యాల్లో ఆమె నాకు మనిషిగా కనిపించింది. ఆమె లెక్క ఏమిటో, ఆ లెక్కలో జాలి ఎక్కడుందో, గడుసుదనం ఎక్కడుందో అన్నీ తెలిసిపోయాయి.

ఆ వెంటనే నువ్వు భయపడ్డావు. "నిజానికి ఆమె ఎవరినీ మోసం చేసే మనిషి కాదు. పరిస్థితులే ఆమెను అలా చేశాయి" అని రాశావు. ఎవరమ్మా అడిగారు? పాఠకుడు ఆమెని బోనెక్కించలేదే! నువ్వే నల్లకోటు తగిలించుకుని వచ్చి వకాల్తా పుచ్చుకున్నావు. ప్లీడరు లేచి నిలబడ్డాడంటే ఎక్కడో నేరం జరిగే ఉంటుందని జనం అనుకుంటారు.

గురజాడ గిరీశానికి ఎక్కడా వకాల్తా పుచ్చుకోలేదు, చూడు. కన్యాశుల్కం తెర లేవగానే వాడు విజయనగరం బొంకులదిబ్బ దగ్గర ఒంటరిగా కనిపిస్తాడు. పూటకూళ్లమ్మకి సామాన్లు కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి సాని కింద ఖర్చు పెట్టేశానని వాడి నోటితో వాడే అంటాడు. నాటకం మొదలై నిమిషం కాలేదు, వాడి గుట్టు మన చేతిలో ఉంది. చుట్టూ ఉన్న పాత్రల్లో చాలామందికి తెలియనిది మనకి తెలుసు. ఇక అక్కణ్నుంచి మనం వాడి జట్టు. వాడు వెంకటేశానికి చదువు పేరు చెప్పి చుట్టల పురాణం విప్పుతుంటే, ఎప్పుడు దొరికిపోతాడా అని చూస్తూనే, దొరక్కుండా ఉంటే బావుణ్ను అని కూడా అనుకుంటూ ఉంటాం.

మరి వాడు చేసిన పనులో? గురజాడ వాటిని దాచలేదు. ఆ పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. గిరీశం సాని మధురవాణి ఇంట్లో మంచం కింద దూరతాడు. అక్కడ అప్పటికే దాక్కున్న రామప్పంతులికి దెబ్బ తగులుతుంది. పడీ పడీ నవ్వుతాం. నవ్వు ఆగాక, పదిమందికి వండిపెట్టి ఆ ఇరవై రూపాయలూ కూడబెట్టుకున్న ఆడమనిషి గుర్తొస్తుంది. గురజాడ మనల్ని ముందు నవ్వనిచ్చి, తర్వాత ఇంటికెళ్లి ఆలోచించుకోమన్నాడు. నువ్వు వరస తిరగేశావు. ముందే ఆలోచించమన్నావు, నవ్వడానికి చోటే వదల్లేదు.

చివర్లో అంతా బయటపడ్డాక వాడి నోట్లోంచి వచ్చే మాట తెలుగువాళ్లందరికీ తెలుసు: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది." పశ్చాత్తాపం లేదు, క్షమాపణ లేదు. "నా బతుకు" అనలేదు చూశావా, "కథ" అన్నాడు. మొదట్నుంచీ తన బతుకుని తనే ఓ కథలా అల్లుకుంటూ వచ్చినవాడు గనక ఆ మాట వాడి నోటికి అతికినట్టు సరిపోయింది. నేను ఇంకో వందేళ్లు రాసినా అలాంటి మాట నాకు తగలదు.

అదే నాటకంలో సౌజన్యారావు పంతులున్నాడు. పేరులోనే సౌజన్యం. నిజాయితీపరుడైన వకీలు, సంస్కర్త, నోరు తెరిస్తే మంచి. ఎంతమంది ఆయన్ని తలుచుకుంటారు? ఆయన సీన్లో కూడా మనం మధురవాణినే చూస్తాం. ఇక్కడ కాస్త ఆగు, ఎందుకంటే నీ కండక్టరమ్మ మధురవాణి చుట్టమే. మధురవాణి కూడా చివర్లో చాలా పెద్దమనసు చూపిస్తుంది. మగవేషంలో ఆయన ఇంటికి వెళ్లి, ఆయన వాదిస్తున్న కేసు తేల్చే సంగతి చెప్పడానికి ఒక ముద్దు బేరం పెడుతుంది. ఆయన సిద్ధపడేసరికి తనే ఆపేస్తుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది. ఆ మాట ఇంకెవరన్నా నీతి పద్యంలా ఉండేది. మరి అక్కడ ఒళ్లు ఎందుకు జలదరిస్తుంది? అప్పటిదాకా ఆమె రామప్పంతుల్ని కంటె అనే నగ కోసం పెట్టిన తిప్పలు చూశాం గనక. ఆమె గడుసుతనం, బేరం, నాలుక పదును అన్నీ చూశాక వచ్చిన మంచితనం అది. పర్సు తిరిగివ్వడం అనే సంఘటన నీ కథలో మొదటి పేజీలోనే ఉంది. చినిగిన నోటు తర్వాత పెట్టి చూడు. పర్సు బరువే మారిపోతుంది.

అన్నట్టు, ఆ నాటకం 1892లో మొదటిసారి ఆడారు. ఇప్పుడు మనం చదువుతున్నది గురజాడ బాగా తిరగరాసి పెంచి 1909లో వేసిన కూర్పు. పదిహేడేళ్లు. నీకు మూడు వారాలకే విసుగొచ్చిందని రాశావు.

నా సంగతి చెప్తే నవ్వుతావు. ఇరవై మూడేళ్ల వయసులో ఓ డాక్టరు నవల రాశాను. పట్నంలో ప్రాక్టీసు వదులుకుని పల్లెకొచ్చి, ఫీజు పుచ్చుకోకుండా వైద్యం చేస్తూ, ప్రేమించిన అమ్మాయిని కూడా త్యాగం చేసే డాక్టరు. రోజుకో అధ్యాయం మా బామ్మకి చదివి వినిపించేవాణ్ని. నాలుగో రోజున ఆవిడ వత్తులు చేసుకుంటూ, "వీడికి ఆకలెయ్యదుట్రా?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. పత్రిక్కి పంపితే తిరుగు టపాలో వచ్చేసింది. వాళ్లు కారణం రాయలేదు, బామ్మ ముందే చెప్పేసింది కదా.

అలాగని మంచి పాత్రకి ఓ లోపం తగిలిస్తే సరిపోతుందనుకోకు. ఈ రోజుల్లో చాలామంది చేస్తున్న పని అదే. ఉత్తముడికి ఓ సిగరెట్టు, కాస్త కోపం, ఓ పాత ప్రేమ. పెరుగన్నంలోకి ఆవకాయబద్దలాగా. సిగరెట్టు పట్టించినంత మాత్రాన వాడు మనిషైపోడు. వాడికి ఏదో ఒకటి గట్టిగా కావాలి, దానికోసం కాస్త తెలివితక్కువగానైనా పరిగెత్తాలి.

బారిస్టర్ పార్వతీశం అలా పరిగెత్తాడు. మొగల్తూరు కుర్రాడికి ఇంగ్లండు వెళ్లి బారిస్టరు కావాలనిపించింది. ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. మద్రాసులో దర్జాగా ఓ టోపీ కొనుక్కున్నాడు, అది ఆడవాళ్ల టోపీ అని తెలియకుండా. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు ఈ కథని 1924లో పార్వతీశం చేతే చెప్పించారు. అందులోనే ఉంది కిటుకంతా. పక్కవాడెవడో ఆ టోపీ గురించి చెప్పుంటే అది వెక్కిరింత అయ్యేది. తన తెలివితక్కువతనం తనే పూసగుచ్చినట్టు చెప్పుకుంటూ, ఎక్కడా జాలి పడమని అడగనివాణ్ని ఎలా కాదనుకుంటాం? పైగా మొదటిసారి పట్నం వెళ్లి ఏదో ఒక టోపీ పెట్టుకోనివాడు మనలో ఎవడు? నేను హైదరాబాదు మొదటిసారి వెళ్లినప్పుడు లిఫ్టులోకి చెప్పులు విప్పి ఎక్కాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బుడుగుది ఇంకో దారి. ముళ్లపూడి వెంకటరమణ ఆ పిల్లాణ్ని ముద్దుచెయ్యలేదు, అందుకే మనకి ముద్దొస్తాడు. తన ఇంకోపేరు పిడుగని వాడు చెప్పుకునేటప్పుడు ఎంత హోదా! పెద్దవాళ్లు, ప్రైవేటు మాస్టర్లు, పక్కింటి సీగానపెసూనాంబ, అన్నీ వాడికి చాలా సీరియస్ విషయాలే. వాడు నవ్వించడానికి ఒక్క మాటా అనడు. బాపు బొమ్మలో కూడా ఆ మొహం చూడు, ఊరంతా తన మీదే నడుస్తున్నట్టుంటుంది. పిల్లల మీద రాసేటప్పుడు మనం గొంతు సన్నం చేసి గారాలు పోతాం. ముళ్లపూడి ఆ పిల్లాడి పక్కన అదే ఎత్తులో చతికిలబడి రాశాడు.

జాలి వేరే సరుకు, ఇష్టంతో కలిపెయ్యకు. రావిశాస్త్రి నవల అల్పజీవిలో సుబ్బయ్య అనే గుమాస్తా ఉన్నాడు. అందరికీ భయపడతాడు. వాడితో కలిసి టీ తాగాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. కానీ ఆఫీసులో పెద్దవాళ్లు పిలిచినప్పుడల్లా నా కాళ్లలో వాడి వణుకు ఉండేది. అదీ ఓ చుట్టరికమే, అంతకుమించి దాని గురించి చెప్పడం నాకు చేతకాదు.

నీ ఉత్తరంలో యద్దనపూడి హీరోల్ని వెక్కిరించావు. తొందరపడకు. సెక్రటరీ నవల్లో రాజశేఖరాన్ని కలలో చూసుకున్న తరం మా అక్కలది. అద్దె పుస్తకాల షాపులో ఆ పుస్తకం కోసం వంతులేసుకునేవాళ్లు. కానీ మా పెద్దక్కని కదిపితే ఆవిడ మాట్లాడేది ఎక్కువగా జయంతి గురించే. ఉద్యోగం అవసరమై వెళ్లిన మధ్యతరగతి పిల్ల, అంత డబ్బున్నవాడి ముందు కూడా తల దించదు. కారూ బంగళా రాజశేఖరానివి. వాటిని లెక్కచెయ్యని ఆ పొగరు మాత్రం చదివిన ప్రతి అమ్మాయీ తనదే అనుకుంది.

ఇంకో మాట. చేతిలో పని ఉన్నవాళ్లని చూస్తూ కూర్చోవడం మనకి భలే ఇష్టం. కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు'లో ముసలాయనకి పేరు కూడా లేదు. పందులు కాసుకునేవాడు. ఇంటికి రాని సుక్కపంది కోసం అడవిలోకి వెళ్తాడు. అతనికి అడవి తెలుసు, జంతువు తెలుసు. ఆ తెలివిడి చూస్తూ వెనకాలే నడుస్తాం. అతను మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నే మనకి తట్టదు.

నీ కండక్టరమ్మ పని ఎక్కడుంది? ఆమె బస్సులో ఉంటుంది గాని, పన్నెండు పేజీల్లో పట్టుమని పది టికెట్లు కొట్టలేదు. నిండు బస్సులో నడుము సీటుకి ఆనించి, ఓ చేత్తో టికెట్లు కొట్టే టిమ్ మిషను పట్టుకుని రెండో చేత్తో నోట్లు వేళ్ల మధ్య మడిచి ఎలా నిలబడుతుందో రాయి. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం గనక జీరో టికెట్ కొట్టాలి కదా మీవైపు. ఎవరు ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చారో మొహం చూసే కనిపెట్టేస్తుందేమో. చిల్లర లేదని టికెట్ వెనకాల బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు అడగనివాళ్లని ఆమె ఏం చేస్తుంది? పిలిచి ఇస్తుందా? మర్చిపోయినట్టు కిటికీలోంచి చూస్తుందా? మర్చిపోయినట్టు చూసి, బస్సు కదిలాక విజిల్ వేస్తుందా? నాకు మూడోదే ఇష్టం. కథ నీది, నీ ఇష్టం.

ఆమె మాట కూడా మార్చు. "దయచేసి లోపలికి జరగండి" అంటుందేమిటి, ఆకాశవాణిలో వార్తలు చదివినట్టు? మీ కరీంనగర్ రూట్లో అలా ఎవరంటారు? "లోపటికి జరుగుండ్రి" అనదూ? కాకినాడ వాణ్ని, నేను రాస్తే అది వేషంలా ఉంటుంది. నీకు పుట్టుకతో వచ్చిన భాషని కథలోకొచ్చేసరికి చాపకింద దాచేశావు. చదివినవాళ్లు చిన్నచూపు చూస్తారని భయమా? గిరీశం ఇంగ్లీషు ముక్కల్ని, బుడుగు వంకర మాటల్ని తీసేసి శుభ్రమైన తెలుగు రాసిచ్చి ఉంటే ఈపాటికి వాళ్ల పేర్లు కూడా మనకి తెలిసేవి కావు.

పెన్సిల్‌తో గీతలు కొట్టిన ప్రతి వెనక్కి పంపుతున్నాను. కొట్టేసినవి ఎక్కువగా "నిజానికి", "పాపం", "ఎంత మంచి మనసో" అనేవే. లెక్కపెడితే పంతొమ్మిదయ్యాయి. ఒక "పాపం" మాత్రం ఉంచాను. చంటిపిల్లాణ్ని ఎత్తుకున్న నాన్న దగ్గరున్నది. అది ఆమె అనుకున్న మాట, నీది కాదు.

తొందరేం లేదు. సంక్రాంతి వెళ్లాక పంపినా చాలు. చూపు తగ్గింది, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింటు తియ్యి.

ఇంకోటి. ఆ చినిగిన పదినోటు చివరికి ఎవరి చేతిలో పడిందో రాయడమే మర్చిపోయావు. ఫోన్లో తల దూర్చిన కుర్రాడికే ఇచ్చిందా? మా ఆవిడ కూడా అడుగుతోంది.

ఉంటాను.