సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నేను క్రైస్తవ కుటుంబంలోనే పుట్టాను. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. మా సంఘంలో కృతజ్ఞతా కూడిక పెట్టినప్పుడు తాగుడు మానేశామని ఒకరు, క్యాన్సర్ తగ్గిందని ఇంకొకరు ఏడుస్తూ సాక్ష్యం చెబుతారు. మైకు నా వైపు వస్తుంటేనే టెన్షన్. చెప్పడానికి ఏమీ లేదు, కన్నీళ్లూ రావు. రక్షణ పొందినందుకు నాలో కృతజ్ఞతే లేదేమోనని భయం. కానుక కాస్త పెద్దది వేస్తే ఆ లోటు తీరుతుందా?
– ఒక సోదరి, చీరాల

జవాబు: చెల్లెమ్మా, ముందు నా సంగతి వినండి. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ ఇలాగే చెప్పడానికేమీ లేక, వారం కిందట వచ్చిన జ్వరాన్ని పట్టుకుని సాక్ష్యం చెప్పాను. చావు తప్పి బయటపడ్డానన్నాను. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఇంటికొచ్చాక మా నాన్న గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "నూట రెండు జ్వరమేగదమ్మా, చావుదాకా ఎందుకు తీసుకెళ్లావు?" అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

లూకా 7వ అధ్యాయంలో, మత నియమాలను నిష్ఠగా పాటించే పరిసయ్యుడైన సీమోను ఇంట్లో భోజనం దగ్గర యేసు చెప్పిన ఇద్దరు బాకీదారుల మాట మీకు తెలిసిందే. ఒకడి బాకీ 500 దేనారాలు, ఇంకొకడిది 50. అప్పిచ్చినవాడు ఇద్దరి బాకీ మాఫీ చేశాడు, ఎక్కువ మాఫీ అయినవాడే ఎక్కువ ప్రేమిస్తాడని ఆ కథ. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి. ప్రసంగాలన్నీ 500 వాడి మీదే. 50 వాడిని పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ మళ్లీ చదవండి, తీర్చడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. రెండోవాడి దగ్గర నలభై ఉండి పది తగ్గిందని అక్కడ లేదు. సీమోను తన బాకీ చిన్నదనుకున్నాడు, అందుకే ఇంటికొచ్చిన అతిథి కాళ్లకు నీళ్లివ్వాలని కూడా తోచలేదు. క్రైస్తవ ఇళ్లలో పుట్టిన మనకూ అదే జబ్బు.

కానుకతో లోటు తీరుతుందా అన్నారు. తీరదు. రక్షణ "దేవుని వరమే" అని ఎఫెసీ 2:8లో ఉంది. వరానికి వాయిదాలు కడతామా? మన ప్రాంతం వాళ్లకు ఇది ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఎప్పుడో చూపించి వెళ్లాడు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లను మాత్రం ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మా సంఘాల్లో చాలామందికి నోటికొచ్చు. నాకు మాత్రం ఆయన ఆపి ఉంచిన ఆ నెలలే ఎక్కువ ఇష్టం.

అలాగని ఊరికే కూర్చోమనడం లేదు. మా అమ్మకు పొయ్యి పక్కన మూత పోయిన హార్లిక్స్ సీసా ఒకటి ఉండేది. బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి అందులో పోసేది. ఆదివారం అది సంచిలోకి వంపి గుడికి తీసుకెళ్లేది. డబ్బాలో బియ్యం అడుగంటిన రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేది, అంతే. ఆమె మైకు పట్టుకోగా నేను చూడలేదు. గుడిలో ఏడవగానూ చూడలేదు.

ఈసారి మైకు మీదాకా వస్తే, చిన్నప్పుడు మీకు పరలోక ప్రార్థన నేర్పిందెవరో, ఎక్కడ కూర్చోబెట్టి నేర్పారో చెప్పండి. రెండు నిమిషాలు చాలు. అదీ నోరు పెగలకపోతే పక్కనామెకు ఇచ్చేయండి, తప్పేం లేదు.

అన్నట్టు, కానుక మీకు తోచినంత వేయండి. పేరు చదవద్దని సెక్రటరీ గారికి ముందే చెప్పండి. నేనూ చెప్పాను. రెండేళ్లు వినకుండా చదివారు, మూడో ఏడు మానేశారు.