60 గిగాహెర్ట్జ్ మిక్సర్: లేఅవుట్ గీశాక గెయిన్ ఎక్కడికి పోయింది?

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో ఎం.టెక్ చేస్తున్నారు, 65 నానోమీటర్ సీమాస్‌లో 60 గిగాహెర్ట్జ్ డౌన్‌కన్వర్షన్ మిక్సర్ (వచ్చిన సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే సర్క్యూట్) ప్రాజెక్టు, గిల్బర్ట్ సెల్ (ఒక ఆంప్లిఫయర్ జత మీద నాలుగు స్విచింగ్ ట్రాన్సిస్టర్లు) పెట్టారు, స్కీమాటిక్‌లో 6 డీబీ గెయిన్ వచ్చింది, లేఅవుట్ ఎక్స్‌ట్రాక్షన్ (గీసిన వైర్ల రెసిస్టెన్స్, కెపాసిటెన్స్‌లని లెక్కలోకి తేవడం) చేశాక మైనస్ 3కి పడిపోయింది. పైగా ఏరియా ఇంకా తగ్గించమని గైడ్ గారు అంటున్నారు.

కొన్నేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను. అప్పుడు విజయవాడ నుంచి రోజూ గుంటూరు వైపు కాలేజీకి బస్సులో వెళ్లొచ్చేవాణ్ణి. స్కీమాటిక్ సిమ్యులేషన్ బాగా వచ్చిన రోజు ఇంట్లో ప్రాజెక్టు అయిపోయిందని కూడా చెప్పేశాను. ఇల్లు అలకగానే పండగ కాదని తర్వాత మూడు వారాలకు గానీ తెలియలేదు, ఆ మూడు వారాలూ ట్రాన్సిస్టర్ వెడల్పులు అటూ ఇటూ మారుస్తూ కూర్చున్నాను, అది పూర్తిగా దండగ పని.

ముందు ఒక్కటి చూడండి. లేఅవుట్ తర్వాత, స్విచింగ్ ట్రాన్సిస్టర్ల గేట్ల దగ్గర ఎల్‌ఓ (స్విచ్‌లని ఆన్, ఆఫ్ చేసే లోకల్ ఆసిలేటర్ సిగ్నల్) స్వింగ్ ఎంత ఉంది? పోర్ట్ దగ్గర ఇచ్చిన పవర్ కాదు, గేట్ దగ్గర కనిపించే వోల్టేజ్. నా డిజైన్‌లో 400 మిల్లీవోల్టుల పీక్ ఉంటుందనుకున్నది 180 మాత్రమే ఉంది. అంత తక్కువైతే స్విచ్‌లు గట్టిగా ఆన్, ఆఫ్ అవ్వవు, చాలాసేపు రెండూ కలిసి ఆన్‌లో ఉంటాయి. ఆ సమయంలో రెండు వైపుల సిగ్నల్స్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, నాయిస్ మాత్రం బయటికొస్తుంది. గెయిన్ తగ్గడం, నాయిస్ ఫిగర్ (సర్క్యూట్ తనవైపు నుంచి కలిపే నాయిస్ కొలత) పెరగడం రెండూ కలిసి కనిపిస్తే నేనైతే మొదట దీన్నే అనుమానిస్తాను.

స్వింగ్ ఎందుకు పడిపోతుందంటే లెక్క చాలా చిన్నది. 100 పికోహెన్రీల కాయిల్ 60 గిగాహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ కావడానికి కావలసిన కెపాసిటెన్స్ దాదాపు 70 ఫెమ్టోఫారడ్లే. దానికి లేఅవుట్‌లో వైర్లు, వయాలు, గేట్ మీదుగా వెళ్లే మెటల్ కలిసి ఇంకో 10 ఫెమ్టోఫారడ్లు చేర్చాయనుకోండి, రెజొనెన్స్ పీక్ 56 గిగాహెర్ట్జ్ దగ్గరికి జారిపోతుంది. 802.11 ఏడీలో (60 గిగాహెర్ట్జ్ వైఫై ప్రమాణం) ఒక్కో చానెల్ వెడల్పు 2.16 గిగాహెర్ట్జ్, అంటే దాదాపు రెండు చానెళ్లు పక్కకి వెళ్లిపోయినట్టు. ఇది ఒక్క చోటే జరిగితే రెండో మూడో డీబీలు పోతాయి. కానీ ఇన్‌పుట్ మ్యాచింగ్‌లో, ట్రాన్స్‌కండక్టర్‌కీ (వోల్టేజ్‌ని కరెంట్‌గా మార్చే కింది జత) స్విచ్‌లకీ మధ్య నోడ్‌లో, ఎల్‌ఓ బేలన్‌లో (ఒక సిగ్నల్‌ని ప్లస్, మైనస్ జతగా మార్చేది), మూడు చోట్లా జారితే మీకు వచ్చినట్టే తొమ్మిది డీబీలు పోతాయి.

అందుకే ఇప్పుడు నేను తిరగేసి పని చేస్తాను. ముందు నాలుగు స్విచ్‌ల కోర్ లేఅవుట్ గీసి (ఒక్కో ఫింగర్ మైక్రాన్ వెడల్పు, గేట్‌కి రెండు వైపులా కాంటాక్టులు), ఆర్‌సీ ఎక్స్‌ట్రాక్షన్ చేసి, ఆ తర్వాతే కాయిల్ విలువ ఎంచుకుంటాను. కాయిల్స్, పొడవైన లైన్లు మాత్రం ఈఎమ్ (విద్యుదయస్కాంత) సిమ్యులేషన్‌కి పోవాలి, ఎందుకంటే మామూలు ఆర్‌సీ ఎక్స్‌ట్రాక్షన్‌లో ఇండక్టెన్స్ కనిపించదు. ఒకే వైరును రెండు చోట్లా లెక్కపెట్టకుండా సరిహద్దు ఎక్కడో ముందే గీసుకోండి, నేను ఒకసారి రెండుసార్లు లెక్కేసి ఒక రోజంతా తల పట్టుకున్నాను.

ఇక ఏరియా సంగతి. ఈ మిక్సర్లలో ఇల్లు చిన్నది, దొడ్డి పెద్దది. ట్రాన్సిస్టర్లన్నీ కలిపినా ఒక మూలకి సరిపోతాయి, స్థలమంతా కాయిల్స్, బేలన్‌లదే. ఆక్సైడ్‌లో 60 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 2.5 మిల్లీమీటర్లు, క్వార్టర్ వేవ్ లైన్లతో బేలన్ కడితే ఒక్కో లైనే 600 మైక్రాన్లు దాటుతుంది. అదే పై రెండు మెటల్ లేయర్లలో ఒకదాని మీద ఒకటి పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే 50, 60 మైక్రాన్ల వ్యాసంలో పని అయిపోతుంది, పైగా అదే మ్యాచింగ్ కూడా చేసిపెడుతుంది.

గైడ్ గారు ఒప్పుకుంటే గిల్బర్ట్ సెల్ వదిలేసి నాలుగు ట్రాన్సిస్టర్ల పాసివ్ మిక్సర్‌కి వెళ్లండి. ఆదర్శంగా చూసినా 3.9 డీబీ నష్టం తప్పదు, నిజంగా అంతకంటే ఎక్కువే పోతుంది, ఎల్‌ఓ కూడా గట్టిగా కావాలి. కానీ మధ్యలో రెజొనెన్స్ కాయిల్ అక్కర్లేదు, డీసీ కరెంట్ లేదు కాబట్టి ఫ్లికర్ నాయిస్ (తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎక్కువగా ఉండే నాయిస్) బాధా తక్కువ. పోయిన గెయిన్‌ని ఐఎఫ్ (మిక్సర్ దించిన తక్కువ ఫ్రీక్వెన్సీ) ఆంప్లిఫయర్‌లో తెచ్చుకోవచ్చు, అక్కడ కాయిల్ లేకుండానే గెయిన్ వస్తుంది. "మిక్సర్‌కి గెయిన్ లేదేంటి" అని మా గైడ్ గారు కూడా మొదట ముఖం చిట్లించారు, మొత్తం రిసీవర్ చెయిన్ లెక్క చూపించాక సరే అన్నారు.

సిమెట్రీ మరిచిపోకండి. ఎల్‌ఓ ప్లస్, మైనస్ లైన్ల మధ్య 20 మైక్రాన్ల తేడా ఉంటే దాదాపు 3 డిగ్రీల ఫేజ్ తేడా, ఎల్‌ఓ సిగ్నల్ బయటికి లీకవడం అక్కడి నుంచే మొదలవుతుంది. కాయిల్ మధ్యలో ఫౌండ్రీ (చిప్ తయారుచేసే కంపెనీ) టూల్ డమ్మీ మెటల్ నింపకుండా ఫిల్ బ్లాక్ లేయర్ పెట్టి, మెటల్ డెన్సిటీ కోసం చిన్న ముక్కలు మీరే వేసుకోండి.

వైవా గురించి ఒక మాట, మీరు అడగలేదు గానీ. "60 గిగాహెర్ట్జ్ దగ్గరి దూరానికే ఎందుకు" అని తప్పకుండా అడుగుతారు, అందరూ ఆక్సిజన్ అనే చెబుతారు. ఆక్సిజన్ మింగేది కిలోమీటరుకి దాదాపు 15 డీబీ, అంటే పది మీటర్ల గదిలో 0.15 డీబీ, అదేమంత లెక్కలోకి రాదు. అసలు దెబ్బ మొదటి మీటర్‌లోనే పడే 68 డీబీ ఫ్రీ స్పేస్ లాస్, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది 40 మాత్రమే. నేనూ ఆక్సిజన్ అనే చెప్పి దొరికిపోయాను.

గేట్ దగ్గర స్వింగ్ ఎంత వచ్చిందో చూసి ఇక్కడ రాయండి, మీ కాయిల్ విలువలు కూడా. లేఅవుట్ స్క్రీన్‌షాట్ మాత్రం పెట్టకండి, పీడీకే (ఫౌండ్రీ ఇచ్చే డిజైన్ ఫైళ్లు) మీద మీ కాలేజీ ఎన్‌డీఏ (బయటపెట్టమనే ఒప్పందం) సంతకం చేసి ఉంటుంది. కాగితం మీద బ్లాకులు గీసి ఫోటో పెట్టినా నాకు అర్థమవుతుంది.