హార్నెట్స్ చరిత్ర ఏ జట్టుది? (సమాధానం)

1988లో అమెరికాలోని షార్లెట్ నగరంలో మొదలైన NBA బాస్కెట్‌బాల్ జట్టు హార్నెట్స్ 2002లో న్యూ ఓర్లీన్స్ నగరానికి వెళ్లిపోతే, ఇప్పుడు షార్లెట్ రికార్డుల్లో మళ్లీ 1988 ఎందుకుంది అని మీరు అడిగారు. మీ లెక్కలో తప్పు లేదండీ, మధ్యలో పేర్లు చేతులు మారాయి, అంతే.

జట్టు వెళ్లిపోయాక, 2004లో షార్లెట్‌కి బాబ్‌క్యాట్స్ అనే కొత్త జట్టు వచ్చింది. 2013లో న్యూ ఓర్లీన్స్ వాళ్లు పెలికన్స్ అని పేరు మార్చుకున్నారు. దాంతో 2014లో బాబ్‌క్యాట్స్ హార్నెట్స్ పేరు తీసుకున్నారు. పేరుతో పాటు 1988 నుంచి 2002 దాకా ఉన్న చరిత్ర కూడా షార్లెట్‌కే తిరిగొచ్చింది. పెలికన్స్ లెక్క 2002 నుంచి మొదలవుతుంది.

కాబట్టి జెర్సీ మీది పేరు చూడకండి, ఊరు చూడండి. పాత హార్నెట్స్ ఆటగాళ్లు, 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్, బాస్కెట్‌బాల్ స్టార్ స్టెఫెన్ కర్రీ నాన్న డెల్ కర్రీ షార్లెట్‌లో చేసిన పాయింట్లు షార్లెట్‌వి. క్రిస్ పాల్ అనే ఆటగాడు హార్నెట్స్ జెర్సీతోనే ఆడినా, ఆడింది న్యూ ఓర్లీన్స్‌కి కాబట్టి ఆ పాయింట్లు పెలికన్స్ ఖాతాలోకే వెళ్తాయి. కత్రినా తుఫాను వల్ల న్యూ ఓర్లీన్స్ జట్టు 2005 నుంచి రెండు సీజన్లు ఎక్కువ హోమ్ మ్యాచ్‌లు ఓక్లహోమా సిటీలో ఆడారు, అవీ పెలికన్స్‌వే.

నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది. 2000 జనవరిలో కారు ప్రమాదంలో చనిపోయిన హార్నెట్స్ ఆటగాడు బాబీ ఫిల్స్ గౌరవార్థం పక్కన పెట్టిన 13వ నంబర్ జెర్సీ జట్టుతో పాటు న్యూ ఓర్లీన్స్‌కి వెళ్లింది. 2014 నవంబర్‌లో దాన్ని మళ్లీ షార్లెట్‌లో, ఆయన ఆడిన ఊళ్లో, పైకి ఎత్తి వేలాడదీశారు.