అద్దె డబ్బుతోనే ఈఎంఐ వెళ్లిపోతుందా? నా నిజాంపేట ఫ్లాట్ లెక్క

చేతిలో 15 లక్షలున్నాయి, హైదరాబాద్‌లో 60 లక్షలకు డబుల్ బెడ్‌రూమ్ కొని అద్దెకిస్తే ఈఎంఐ దానంతట అదే వెళ్లిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు, దిగొచ్చా అని అడిగారు. 2016లో నాకూ అచ్చం ఇదే మాట చెప్పారు. అద్దెతో ఈఎంఐ వెళ్లలేదండి.

నిజాంపేటలో 36 లక్షలకు రీసేల్ ఫ్లాట్ తీసుకున్నా. 28 లక్షల లోన్, ఈఎంఐ 26 వేలు, వచ్చిన అద్దె 11 వేలు. మిగతా 15 వేలు నెలనెలా నా జీతంలోంచే. మన దగ్గర ఇంటి ధరలో ఏడాదికి మూడు, నాలుగు శాతం అద్దె రావడమే ఎక్కువ. లోన్ వడ్డీ అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఇక ఆ అద్దె ఈఎంఐకి ఎలా సరిపోతుంది?

మీ లెక్క చూద్దాం. 45 లక్షల లోన్, వడ్డీ 8.5 శాతం అనుకుంటే, 20 ఏళ్లకి ఈఎంఐ 39 వేలు. అద్దె 18 వేలు వచ్చినా నెలకు 21 వేలు మీరే కట్టాలి. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం చొప్పున మరో నాలుగున్నర లక్షలు. దానికి బ్యాంకు లోన్ ఇవ్వదు. మీ 15 లక్షలు డౌన్ పేమెంట్‌కే అయిపోయాయి కదా, ఇది ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక నేను చేసిన అసలు తప్పు. ఫ్లాట్ చూడ్డానికి డిసెంబరులో వెళ్లా. కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి. గచ్చు, కిచెన్, వెంటిలేషన్ చూసుకుని అడ్వాన్స్ ఇచ్చేశా. మే నెలలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి టెనెంట్ ఫోన్: "సార్, మూడు రోజులుగా బోరు ఎండిపోయింది, బకెట్ నీళ్లతోనే పిల్లలతో నెట్టుకొస్తున్నాం." ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్లన్నిటికీ పంచారు. ఆ నెల నా వాటా, మెయింటెనెన్స్ కలిపి అద్దెలో దాదాపు సగం పోయింది. జూన్‌లో వాళ్లు ఖాళీ చేశారు. అందుకే చెబుతున్నా, ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి, రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో అడగండి. ఏజెంట్ కంటే అతనే నిజం చెబుతాడు.

ఖాళీ నెలలు కూడా లెక్కలో వేసుకోండి. 2020లో కరోనాకి ఐటీ వాళ్లంతా ఊళ్లకి వెళ్లిపోతే మా ఫ్లాట్ ఐదు నెలలు ఖాళీ. ఈఎంఐ మాత్రం ఆగదు కదా (మారటోరియం, అంటే అప్పట్లో బ్యాంకులిచ్చిన ఈఎంఐ వాయిదా, తీసుకుంటే వడ్డీ పెరుగుతుందని నేను తీసుకోలేదు). కనీసం ఆరు నెలల ఈఎంఐ పక్కన లేకుండా దిగొద్దు.

కాగితాల విషయంలో నేను కాస్త చాదస్తుణ్ణే. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం), నా వాటాకి ఎన్ని గజాల స్థలం వస్తుందన్నది, అన్నీ లాయరుకి చూపించా. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ సంగతి తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవాళ్లదే. అమ్మే మనిషి అమెరికాలో స్థిరపడిన ఎన్నారై అయితే అంతకంటే చాలా ఎక్కువ పట్టాలి, ఆడిటర్‌ని అడక్కుండా డబ్బు పంపొద్దు.

పన్ను గురించి ఒక్క ముక్క. అద్దెలో ఇంటిపన్ను పోగా 30 శాతం, ఆపైన లోన్ వడ్డీ తగ్గించుకోవచ్చు. పాత పన్ను విధానంలో, అలా తీసేశాక నష్టం వస్తే 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోనిస్తారు, కొత్త విధానంలో ఆ వీలు లేదు.

మీ స్థానంలో నేనుంటే 60 లక్షలది వదిలేసి, 40 లక్షల్లో పాత ఫ్లాటే చూస్తా. 10 లక్షలు డౌన్ పేమెంట్, 3 లక్షలు రిజిస్ట్రేషన్, 2 లక్షలు చేతిలో. అదే వడ్డీ లెక్కన 30 లక్షల లోన్‌కి ఈఎంఐ 26 వేలు, అద్దె 12, 13 వేలు వస్తే నెలకు మీ జేబులోంచి 13, 14 వేలు. ఇది ఇరవై ఏళ్లు మోయగలరో లేదో మీకే తెలియాలి. నాకు ఇప్పుడు అద్దె 17 వేలు వస్తోంది, అయినా ఈఎంఐకి ఇంకా 9 వేలు తక్కువే.