వెయ్యేళ్ళ నాటి ఇంగ్లండ్‌ని ఏలిన ఆంగ్లో-సాక్సన్ దొరల్లో రాజుగారి ‘బ్రదర్-ఇన్-లా’లు చాలామంది కనిపిస్తారు. అందరిదీ ఒకే చుట్టరికమా?

హెరాల్డ్ గాడ్విన్‌సన్‌నీ, మాల్డన్ యుద్ధంలో పోయిన బిర్త్‌నోత్‌నీ పుస్తకాల్లో ఒకే మాటతో చెబుతుంటే తికమకగా ఉందని రాశారు. నాకూ చాలాకాలం అలాగే ఉండేది. తీర్చింది మా అమ్మ.

నేను కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో అమ్మ వస్తే ఈలీ కెథెడ్రల్ చూపించడానికి తీసుకెళ్ళాను. అక్కడ బిషప్ వెస్ట్ చాపెల్‌లో, గోడకున్న చిన్న చిన్న గూళ్ళలో సాక్సన్ కాలపు పెద్దల ఎముకలు ఉన్నాయి. ఒక గూడు బిర్త్‌నోత్‌ది. 991 ఆగస్టులో మాల్డన్ దగ్గర వైకింగులు ఆయన తల నరికి పట్టుకుపోతే, ఈలీ సన్యాసులు మొండేన్ని తెచ్చి, తల ఉండాల్సిన చోట మైనపు ముద్ద పెట్టి పూడ్చారని ఆ మఠం చరిత్ర చెబుతుంది. 1769లో ఆ ఎముకల్ని బయటికి తీస్తే నిజంగానే పుర్రె లేదు.

అమ్మ అంతా విని, “ఇంతకీ ఈయన రాజుకి ఏమవుతాడు?” అంది. ఎడ్మండ్ రాజు రెండో భార్య ఎథెల్‌ఫ్లాడ్, ఈయన భార్య ఆల్ఫ్‌ఫ్లాడ్ అక్కచెల్లెళ్ళని చెప్పాను. “తోడల్లుడన్నమాట” అంది. అంతే, చిక్కుముడి విడిపోయింది.

తోడల్లుడి బలం అత్తారింటి వైపు నుంచి వస్తుంది. వాళ్ళ మామగారు ఆల్ఫ్‌గార్ ఎసెక్స్‌కి ఎల్డర్‌మన్, అంటే రాజు తరఫున ఆ ప్రాంతాన్ని ఏలే పెద్ద. భూములు కూతుళ్ళకి వెళ్ళాయి. 956లో అదే ఎసెక్స్‌కి బిర్త్‌నోత్ ఎల్డర్‌మన్ అయ్యాడు.

హెరాల్డ్ సంగతి వేరు. ఆయన ఎడ్వర్డ్ రాజుకి సొంత బావమరిది. 1045లో హెరాల్డ్ తండ్రి గాడ్విన్ తన కూతురు ఎడిత్‌ని రాజుకిచ్చి మామగారయ్యాడు. 1051లో అల్లుడికీ మామకీ చెడి గాడ్విన్ కుటుంబం దేశం విడిచి పోవాల్సి వచ్చింది, రాణిని సన్యాసినుల మఠానికి పంపేశారు. మరుసటి ఏడే వాళ్ళు బలగంతో తిరిగొచ్చారు. 1066 జనవరిలో ఎడ్వర్డ్ పిల్లల్లేకుండా పోతే, సవతి అన్న మనవడు ఎడ్గార్ కుర్రాడని పక్కనబెట్టి బావమరిదికి కిరీటం పెట్టారు. హెరాల్డ్‌లో ఇంగ్లిష్ రాజరక్తం లేదు. ఇంత దూరం తెచ్చింది పెళ్ళి సంబంధమే అని నా నమ్మకం. అసలు గాడ్విన్ పెళ్ళే అలాంటిది: ఆయన భార్య గీథా, ఎడ్వర్డ్‌కి ముందు ఇంగ్లండ్‌ని ఏలిన డేనిష్ రాజు కనూట్ సోదరి ఎస్ట్రిథ్‌కి ఆడపడుచు.

రక్తసంబంధం ఉన్న దొరలూ ఉన్నారు. ఎల్డర్‌మన్ ఎథెల్‌వియర్డ్ ఆల్ఫ్రెడ్ రాజు అన్న వంశంవాడు, మన లెక్కన దాయాది. ఆల్ఫ్రెడ్ వంశంలో పుట్టి జర్మనీలోని ఎసెన్‌లో మఠాధిపతిగా ఉన్న మెటిల్డాకి, ఇద్దరి వరసా విడమరచి చెబుతూ లాటిన్‌లో ఒక చరిత్రే రాసి పంపాడు.

ఈ బంధుత్వం ఎంత దగ్గరగా తగిలేదో చూడాలంటే బిర్త్‌నోత్ భార్య ఆల్ఫ్‌ఫ్లాడ్ వీలునామా చదవండి, నేటికీ ఉంది. భర్త పోయాక రాసింది. ముందుగా రాజుకి 8 ఊళ్ళ భూములు, రెండు గిన్నెలు, ఒక వెండి పాత్ర రాసిచ్చి, తన పెద్దలు పడుకున్న స్టోక్ చర్చిని తన భర్త ఆత్మ కోసం, తోబుట్టువు ఆత్మ కోసం కాపాడమని ప్రాధేయపడుతుంది. ఆ రాజు ఎథెల్రెడ్, ఎడ్మండ్ మొదటి భార్య కొడుక్కి కొడుకు. అంటే ఆమెకి తోబుట్టువు తరఫున సవతి మనవడు.