అనంతపురం ఎండల్లో ఉండి కూడా విటమిన్ డి తక్కువేంది? కడుపుతో ఉన్నోళ్లకి ప్రమాదమా?

మా వదినకి ఐదో నెలలో టెస్ట్ చేయిస్తే 11 వచ్చింది, మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తగ్గితే లోపం అంటారు. అనంతపురంలో ఉండి ఇదేందని మా అమ్మ ఒకటే ఆశ్చర్యం. ఎండ ఊర్లో ఉంటే చాలదు కదా, ఒంటి మీద పడాల. చర్మంలో డి తయారయ్యేది యూవీ-బి కిరణాలతో, అవి కిటికీ అద్దంలోంచి రావు, పొద్దున ఏడింటి ఏటవాలు ఎండలోనూ పెద్దగా ఉండవు, మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడే బాగా దొరుకుతాయి, ఆ టైంకి మనమేమో తలుపులేసుకుని ఫ్యాన్ కింద ఉంటాం, బయటికెళ్తే మొహానికి చున్నీ చుట్టుకుని పోతాం. చామనఛాయ ఒంటికి మెలనిన్, అంటే చర్మానికి రంగిచ్చే పదార్థం, ఎక్కువ కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు కావాల. తిండి సంగతంటారా, రాగిసంగటిలో కాల్షియం ఉంది గానీ డి లేదు.

కడుపులో బిడ్డకి డి అంతా తల్లి నుంచే పోవాల. తల్లికే బాగా తక్కువుంటే పుట్టినాక బిడ్డకి కాల్షియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు, ఎముకలు మెత్తబడొచ్చు, తల్లిపాలల్లోనూ డి తక్కువే మరి. కడుపుతో ఉన్నోళ్లకి రోజుకి 600 ఐయూ (విటమిన్లని కొలిచే యూనిట్) కావాలని లెక్క, లోపముంటే డాక్టరే ఎక్కువ రాస్తారు. మెడికల్ షాపులో దొరికే 60,000 ఐయూ సాచెట్ మాత్రం సొంతంగా కొనొద్దు, మా పక్కింటామె వారానికొకటని రాసిస్తే రోజూ పాలల్లో కలుపుకుని తాగేసింది, అట్ల చేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీలకే చేటు.