అనంతపురంలో స్థలం కొనేముందు

చిరంజీవి మురళికి పెదనాన్న ఆశీస్సులు.

ఊరి బయట లేఅవుట్‌లో అయిదు సెంట్లు చూశానని, బ్రోకరు అడ్వాన్సు కోసం తొందరపెడుతున్నాడని రాశావు. ధరల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. నేను నీళ్ల సంగతి చెబుతాను.

మన జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఈ కరువు సీమలో వరద ఏమిటని నవ్వుకోకు. 2022 అక్టోబరులో పండమేరు వంక పొంగి నగరం అంచున కాలనీలకు కాలనీలే మునిగాయి. వంక ఏళ్ల తరబడి ఎండి ఉంటే దాని మీద అందరికీ ఆశ పుడుతుంది. పైగా ఇదివరకు చేలల్లో ఇంకిన వాన ఇప్పుడు కాంక్రీటు మీద పడి, ఒక్కసారిగా పల్లానికి పరుగెత్తుతుంది.

అందుకని ముందు గ్రామ పటం, ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు సంపాదించు. వాటిని లేఅవుట్ ప్లాను పక్కన పరిచి చూడు. పటంలో వంక మెలికలు తిరుగుతూ పోతుంది. ప్లానులో సరిగ్గా అక్కడే నలభై అడుగుల రోడ్డు గీత గీసినట్టు కనిపించిందంటే, ఇంకేమీ అడగకుండా తిరిగి వచ్చెయ్. వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు నంబర్లు రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, అంటే 22ఎ నిషేధిత జాబితాలో, ఉన్నాయేమో కూడా చూడు. జాబితాలో లేనంత మాత్రాన నీళ్లు రావని కాదు. దగ్గర్లో చెరువు ఉంటే అలుగు ఎటు పారుతుందో అక్కడి ముసలివాళ్లను అడుగు. బుక్కరాయసముద్రం చెరువు విజయనగర రాజుల నాటిది. అలాంటి చెరువుల నీటి దారులు నిన్న మొన్న వేసిన హద్దురాళ్లను లెక్కచెయ్యవు.

ఇక బోరు. "ఎక్కడ వేసినా పడుతుంది సార్" అంటాడు బ్రోకరు. మనది గట్టి రాతి నేల, నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలో. ఒక ప్లాటులో నీళ్లు పడితే పక్క ప్లాటులో తెల్లటి దుమ్ము లేస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూపేవాళ్లున్నారు. బోరు ఎండితే ఫీజు తిరిగిచ్చిన మహానుభావుణ్ణి నేనింకా చూడలేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను ఎన్ని అడుగుల్లో పడింది, మే నెలలో ఎంతసేపు పోస్తుంది అని అడుగు. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్తది వెయ్యకూడదు. నీళ్లు పడ్డాక ఫ్లోరైడ్ పరీక్ష చేయించు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు.

ట్యాంకర్లున్నాయి కదా అంటావేమో. ఆ నీళ్లు ఏదో పల్లెలో రైతు బోరువే. అక్కడ పైరు ఎండితేనే ఇక్కడ నీ సంపు నిండుతుంది. నాకది నచ్చదు, నీ ఇష్టం.

కట్టేటప్పుడు మాత్రం వాన నీటిని వదలకు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 55,000 లీటర్లు పడతాయి. అయిదో వంతు పోయినా 44,000 మిగులుతాయి. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేసి, తర్వాతివి సంపుకు, పొర్లినవి ఇంకుడు గుంతకు మళ్లించు. పెరడంతా బండలు పరచకు, మీ పిన్ని ఎంత పోరినా సరే.

అడ్వాన్సు దసరా దాటాక ఇవ్వు. ఈలోగా ఒక పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లి, ఆ ప్లాటులో నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఎటు పోయాయో ఫోటోలు తీసి సర్వే నంబరుతో సహా నాకు పంపు.

మీ పెదనాన్న